బోర్డు మీద పేరు, మొహం మీద ముసుగు



మన రాజ్యాంగంలో పదిహేనో అధికరణం గురించి చాలామంది వినే ఉంటారు. మజహబ్, జాతి, కులం, ఆడామగా, పుట్టిన చోటు చూసి ప్రభుత్వం ఎవరి మీదా వివక్ష చూపకూడదన్నది అందులో మొదటి మాట. రెండో మాట మనలాంటి మామూలు జనానికి కూడా చెప్పింది. దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, వినోదశాలల్లోకి వచ్చే మనిషిని ఆ కారణాలతో ఎవరూ అడ్డుకోకూడదు. ఆ వెంటనే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల ప్రస్తావన వస్తుంది. అంటే 1950 జనవరి 26 నుంచి ఈ ముల్క్‌లో హోటల్ బల్లకీ సినిమా హాలు కుర్చీకీ కానూన్ ఒక్కటే.

ఈ రెంటినీ పక్కపక్కన ఎందుకు పెట్టారో కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిస్తే దాని చుట్టూ కూర్చునేది మనం పిలిచిన మెహమానులే. మసీదులో సఫ్ కడితే పక్కన నిలబడేది మనవాడే. డబ్బిచ్చి, పేరు చెప్పకుండా, ఎవరో తెలియని మనిషి పక్కన మోచేతులు తగిలేలా కూర్చునే చోట్లు పల్లెటూరి జీవితంలో రెండే ఉండేవి. ఒకటి హోటలు, రెండోది సినిమా హాలు. బస్సు, రైలు కూడా ఉన్నాయి కదా అంటారేమో. వాటిలో దిగిపోవడానికే ఎక్కుతాం.

అందుకే నేనూ ఈసారి ఆ రెంటినీ కలిపే రాస్తున్నాను. కోటబొమ్మాళి చుట్టుపక్కల హోటళ్ళ మీద నా రాయ్, 'ది డార్క్ నైట్' అనే చీకటి సినిమా మీద నా రాయ్, వాటి వెనక ఉన్న తారీఖ్. ఊరికే పుట్టిన ఆలోచన కాదిది. మా చుట్టాల్లో ఒక కుర్రాడు గల్ఫ్‌లో వంటపని చేసి తిరిగొచ్చాడు. కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కన చిన్న హోటల్ పెడతానంటున్నాడు. స్థలం కుదిరింది, పొయ్యిలు వచ్చాయి. బోర్డు మీద పేరు దగ్గర పని ఆగిపోయింది. అతనికి తన పేరే పెట్టుకోవాలని ఉంది. వాళ్ళ అబ్బాకు అది ఇష్టం లేదు. "వందమందిలో మనవాళ్ళు ఒక్కరు కూడా లేని జిల్లారా ఇది. తురకోళ్ళ హోటలని తెలిస్తే బేరం సగం పోతుంది. ఏ పువ్వు పేరో, ఏటి పేరో పెట్టుకో" అంటారాయన. ఇద్దరూ నా దగ్గరికే వచ్చారు, నాలుగు పుస్తకాలు చదివినవాడినని.

ఆయన చెప్పిన లెక్క నిజమే. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు చాలా కొద్దిమంది. అలాగని మనం నిన్నా మొన్నా వచ్చినవాళ్ళమూ కాదు. శ్రీకాకుళం జామియా మసీదును కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించాడు. అప్పటికి మద్రాసులో ఇంగ్లీషువాళ్ళ కోట గోడలు లేచి ఏడాదో రెండేళ్ళో అయ్యుంటుంది. ఉత్తర సర్కారుల్లో ఒకదానికి ఈ ఊరి పేరే ఉండేది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చికాకోల్ అన్నారు. ఇక్కడి సన్నబట్ట ఆ పేరుతోనే సముద్రం దాటింది. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచివాళ్ళ చేతిలో పెట్టాడు. 1757లో బొబ్బిలి కోట ముందు బుస్సీ ఫిరంగులు మోగాయి. 1766లో నిజాం అలీ ఖాన్ ఒప్పందం మీద దస్తఖత్ చేశాడు. ఇలాకా ఇంగ్లీషువాళ్ళదయింది. ఫౌజ్‌దార్లు పోయారు. వాళ్ళ వెంట వచ్చిన సిపాయిలు, వంటవాళ్ళు, నేతగాళ్ళు, అత్తరు అమ్మేవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఉండిపోయారు. హుకూమత్ పోయాక మిగిలినవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే.

రైలు మా వైపు 1890లలో వచ్చింది. బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ లైను 1893కీ 1896కీ మధ్య తెరుచుకుంది. ఇప్పటి హౌరా-చెన్నై లైనులో తిలారుకీ నౌపడకీ మధ్య కోటబొమ్మాళి కూడా ఒక చిన్న స్టేషను. ఆ రైళ్ళతోపాటే ఈ దేశంలో ఒక వింత కేక పుట్టింది. స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద "హిందూ పానీ, ముసల్మాన్ పానీ" అని అరుస్తూ నీళ్ళు పోసేవారు. కుండలు వేరు, పోసేవాడు వేరు. పెద్ద స్టేషన్లలో ఫలహారశాలలు కూడా విడివిడిగా ఉండేవి. ఒకే ఇంజను లాగే డబ్బాల్లో పక్కపక్కన కూర్చుని వచ్చినవాళ్ళు దాహం వేసేసరికి వేరుపడేవారు. 1945-46లో లాల్ ఖిల్లాలో ఖైదుగా ఉన్న ఆజాద్ హింద్ ఫౌజ్ సిపాయిలకు కూడా హిందూ చాయ్, ముసల్మాన్ చాయ్ అని రెండు రకాలుగా ఇచ్చేవారు. వాళ్ళు ఆ రెండు చాయ్‌లనూ ఒకే గిన్నెలో కలిపేసి పంచుకుని తాగేవారని గాంధీజీకి చెప్పారు. ఆ ఫౌజ్‌లోనే ఉన్న మన హైదరాబాదీ ఆబిద్ హసన్, జెండాలో కాషాయం గురించి గొడవ పడినప్పుడు తన పేరు చివర సఫ్రానీ అని తగిలించుకున్నాడు. కేసరి రంగును ఒక ముసల్మాన్ తన పేరులో మోశాడు. పేరుతో ఎన్ని పనులు చేయవచ్చో చూడండి.

హోటళ్ళ బోర్డులకూ ఇలాంటి చరిత్రే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో బ్రాహ్మణ హోటల్ అని రాస్తే శాకాహారం అనే కాదు, వండేది ఎవరో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పినట్టే. మిలిటరీ హోటల్ అంటే మాంసం దొరుకుతుందని అర్థం. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కఫే బోర్డు మీద 'బ్రాహ్మణ' అనే మాట తీసేయమని పెరియార్ మనుషులు రోజుల తరబడి పికెటింగు చేసి జైళ్ళకు వెళ్ళారు. రాజ్యాంగం వచ్చి ఏడేళ్ళయినా ఒక్క మాట చెరపడానికి అంత పట్టింది.

ఇక పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. మాల, మాదిగ, రెల్లి వాళ్ళకు చాయ్ కొట్టు బయట వేరే గ్లాసు, తాగాక వాళ్ళే కడిగి పెట్టాలి. ఆ జుల్మ్ ముందు మనం పడ్డది ఏపాటిదీ కాదు. పైగా మన దామన్ కూడా అంత సాఫ్‌గా లేదు. షేకులం, సయ్యదులం అని చెప్పుకునేవాళ్ళు దూదేకుల ఇళ్ళలో దావత్ అంటే ఏదో ఒక బహానా చెప్పి తప్పించుకోవడం నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చూడలేదు? ఖురాన్ షరీఫ్‌లో ఐదో సూరా పేరే మాయిదా, అంటే పరిచిన దస్తర్‌ఖాన్. దాని చుట్టూ ఎవరు కూర్చోవచ్చో తేల్చే అఖ్తియార్ మనకెవరిచ్చారు?

సరే, ఇప్పటి హోటళ్ళ సంగతి. ముందే చెబుతున్నాను, పేర్లు రాయను. మెచ్చుకునేచోట రాసి, తిట్టేచోట దాచడం ఇన్సాఫ్ కాదు.

ఈ ప్రాంతంలో బయట తినే ముస్లిం కుటుంబానికి మొదటి దోస్తు పొద్దున టిఫిన్ కొట్టు. ఇడ్లీకి జబీహా గొడవ లేదు. కోటబొమ్మాళిలో నేను వెళ్ళే కొట్టులో కూర్చోవడానికి రెండు బల్లలే. అల్లం చట్నీ మాత్రం నోరు ఊరిస్తుంది. పెసరట్టు అంచు కరకరలాడుతూ మధ్యలో మెత్తగా ఉంటుంది. నల్లబురఖాలో ఉన్న మా ఆవిడను చూసి ఆ కొట్టు ముసలమ్మ "రా అమ్మా, గాలి తగిలే కాడ కూకో" అని తన పీట జరిపింది. నా లెక్కలో ఆ కొట్టుకు ఐదుకు ఐదు.

రెండో దోస్తు చేప. సముద్రం దగ్గర, భావనపాడు వైపు పడవలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. చేపకు కలిమా చదివి కోయాల్సిన పని లేదు కనుక పరాయి ఊళ్ళో ముసల్మాన్‌కు భోజనం హోటల్లో చేపల పులుసు అల్లాహ్ పంపిన రిజ్క్. ఒక సంగతి తెలుసుకోండి. పులుసు పొయ్యి మీంచి దించగానే అడగకూడదు. ముక్క పులుపు పీల్చడానికి రెండు మూడు గంటలు పడుతుంది. పదకొండున్నరకే ఆకలని కూర్చుంటే వేడి చింతపండు నీళ్ళలో తేలే ముక్కలు వస్తాయి. బజారులో ఒక హోటల్ పులుసు బాగుంటుంది, నూనె మాత్రం ఒక గరిటె ఎక్కువ. పలాస దగ్గరే కాబట్టి జీడిపప్పు కూర చాలాచోట్ల దొరుకుతుంది. ధర చూస్తే గింజలు లెక్కపెట్టి వేసినట్టుంటుంది.

నా శికాయత్ అంతా హైవే హోటళ్ళ మీదే. పాత ఐదో నంబరు రోడ్డు స్వర్ణ చతుర్భుజి పథకంలో నాలుగు వరసలై, తర్వాత పదహారో నంబరయ్యాక లారీలూ కార్లూ ఊరి బజారులోకి రావడం మానేశాయి. తిండి కూడా రోడ్డు పక్కకి నడిచి వెళ్ళింది. అక్కడ ప్రతి బోర్డు మీదా హైదరాబాద్ దమ్ బిర్యానీయే. లోపల చూస్తే విడిగా ఉడికిన అన్నం మీద రంగు, పైన కోడి కూర. దమ్ పెట్టడమంటే మూత అంచుకు పిండి చుట్టి, ఆవిరి బయటికి పోకుండా, అన్నమూ మాంసమూ ఒకదాని వాసన ఒకటి పీల్చేదాకా సబర్‌తో ఆగడం. సబర్ లేనివాళ్ళు ఆ పేరు వాడకూడదు. ఇంకా కోపం తెప్పించేది గోడ మీద ఆకుపచ్చ హలాల్ స్టిక్కరు. ఒకచోట కౌంటర్లో కూర్చున్న కుర్రాడిని అడిగాను, కోడిని ఎవరు కోస్తారని. "తెలీదండి, స్టిక్కరు మాత్రం ఉందండి" అన్నాడు.

దాని ఎదుట ఇంకో హోటల్ గురించి చెప్పాలి. అదీ రోడ్డు పక్కదే, రేకుల షెడ్డు. నా గడ్డం, టోపీ చూసి యజమాని దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు, "బావూ, మీరు తినే రకంగా మా కాడ కొయ్యరు. చేప తినండి, గుడ్డు తినండి. కోడి వద్దు." ఆ మనిషి నాకు కోడి కూర అమ్మి డబ్బు తీసుకుని ఉంటే నాకు తెలిసేదే కాదు. అతను ఏ స్టిక్కరూ అంటించలేదు. ఉర్దూలో మనం ఐతబార్ అనే మాటకు నాకు దొరికిన మతలబ్ ఆ రేకుల షెడ్డులో ఉంది.

బోర్డు విషయంలో ఈ మధ్య జరిగిన పెద్ద సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారి పొడవునా ఉన్న తిండి దుకాణాల మీద యజమానుల పేర్లు రాయాలని పోలీసులు హుకుం వేశారు. ఉత్తరాఖండ్‌లోనూ అదే నడిచింది. పండ్ల బండి మీద కూడా పేరే. జులై 22న సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో రాయమనవచ్చు గానీ ఎవరు అమ్ముతున్నారో రాయమని బలవంతం చేయకూడదంది. ఆ బెంచిలో ఇద్దరు జడ్జీలు. వారిలో ఒకరు మన మదనపల్లె నుంచి వెళ్ళిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. తాను కేరళలో పనిచేస్తున్నప్పుడు ఒక ఊళ్ళో హిందువు నడిపే శాకాహార హోటల్, ముస్లిం నడిపే శాకాహార హోటల్ రెండూ ఉండేవని, తాను ముస్లిం నడిపేదానికే వెళ్ళేవాడినని ఆయన విచారణలో చెప్పారు. ఆ యజమాని దుబాయ్ నుంచి తిరిగొచ్చినవాడట, శుభ్రత బాగా పాటించేవాడట. మా కుర్రాడు కూడా గల్ఫ్ నుంచే వచ్చాడు. ఈ ముక్క చదివి వినిపిస్తే మొహం వెలిగిపోయింది. వాళ్ళ అబ్బా మాత్రం "జడ్జీ గారు మన హోటల్‌కి రోజూ వస్తారా?" అన్నారు.

ఆ రాత్రి ఆ ఇంట్లో పిల్లలు 'ది డార్క్ నైట్' పెట్టుకుని చూస్తున్నారు. నేనూ కూర్చున్నాను. ముందూ చూసిన సినిమాయే. 2008 జులైలో వచ్చింది. క్రిస్టఫర్ నోలన్ తీశాడు. పగలు ధనవంతుడిగా, రాత్రి గబ్బిలం ముసుగులో తిరిగే బ్రూస్ వేన్ కథ. జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్ సినిమా విడుదలకు ఆరు నెలల ముందే చనిపోయాడు. మరుసటి ఏడాది ఆస్కార్ ఆయన తరఫున ఇంట్లోవాళ్ళు అందుకున్నారు.

తల్లిదండ్రులు అడుగుతారు కనుక నా రాయ్ ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లలకు వద్దు. రక్తం పెద్దగా కనిపించదు, కానీ ఖౌఫ్ ఎముకల్లోకి దిగుతుంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళతో పక్కన కూర్చుని చూడవచ్చు, చూశాక మాట్లాడుకోవాలి. నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. కథలో ఉన్న ఒక్క ముఖ్యమైన ఆడమనిషిని మగవాళ్ళ కోపానికి వంటచెరకులా వాడేశారు. హీరో హాంకాంగ్ వెళ్ళి ఒక మనిషిని రాత్రికి రాత్రి విమానంలో ఎత్తుకొస్తాడు. ఏ అదాలత్, ఏ వారంటూ లేదు. హాలంతా చప్పట్లు. తర్వాత ఊరందరి ఫోన్లనూ చెవులుగా మార్చేస్తాడు. ఇంత తాఖత్ ఒక్క మనిషి చేతిలో ఉండకూడదని చెప్పేది లూషియస్ ఫాక్స్ ఒక్కడే. అతను కూడా ఈ ఒక్కసారికే అని ఒప్పుకుంటాడు. ఈ ఒక్కసారికే అనే మాటతో మొదలైన కానూన్లు ఎంతకాలం బతుకుతాయో మన కౌమ్‌కు వేరే చెప్పాలా?

నచ్చింది పోలీస్ స్టేషన్ గదిలో సీను. జోకర్‌ను గోడకేసి కొట్టి, ఇద్దరు బందీలు ఎక్కడున్నారో చెప్పమంటారు. అతను చెబుతాడు. చెప్పిన రెండు చిరునామాలూ తారుమారు చేసి చెబుతాడు. కొట్టి రాబట్టిన ఖబర్ పట్టుకుని పరిగెత్తినవాళ్ళు ఒక ప్రాణం పోగొట్టుకుంటారు. 2007 మే 18, జుమ్మా నాడు హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత ఎంతమంది మన కుర్రాళ్ళను పేరు చూసి పట్టుకుపోయారో, తర్వాత అదాలత్ వాళ్ళను బేకసూర్ అని వదిలేసిందో మనకు తెలుసు. ఆ సీను మన ఇళ్ళలో వేరేగా కనిపిస్తుంది.

అసలు ఈ గబ్బిలం హీరో పుట్టుక బోర్డు మీద పేరు కథే. 1939 మేలో న్యూయార్క్‌లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో మొదటిసారి కనిపించాడు. గీసినవాడు బాబ్ కేన్. అతని పుట్టుపేరు రాబర్ట్ కాన్, యూదుల ఇంటి పేరు. పేరు మార్చుకుని కేన్ అయ్యాడు. అతనితో కూర్చుని కథ అల్లి, ముసుగు ఎలా ఉండాలో, వేషం రంగు ఎలా ఉండాలో చెప్పినవాడు బిల్ ఫింగర్. అతని అసలు పేరు మిల్టన్. ఆ రోజుల్లో యూదుడని తెలిస్తే పని దొరకని చోట్లు చాలా ఉండేవి. బొమ్మల పుస్తకాల లోకంలో ఇంకా ఉన్నారు. స్టాన్లీ లీబర్ స్టాన్ లీ అయ్యాడు, జేకబ్ కర్ట్జ్‌బర్గ్ జాక్ కర్బీ అయ్యాడు. వలస వచ్చిన కొద్దిమంది బిడ్డలు తమ పేరు దాచుకుని, మొహం దాచుకునే హీరోలను కల్పించారు. ఇదేమీ ఇత్తెఫాక్ అనిపించదు నాకు.

మన ముల్క్‌లో యూసుఫ్ ఖాన్ 1944లో 'జ్వార్ భాటా'తో దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనా కుమారి అయింది. దిలీప్ సాబ్ సినిమాల్లోకి రాకముందు పుణేలో ఫౌజీ క్యాంటీన్లో పనిచేస్తూ శాండ్‌విచ్‌లు అమ్మాడు. ఆ శాండ్‌విచ్‌లు బాగా అమ్ముడుపోయేవట. యూసుఫ్ చేతి రొట్టె తిన్నవాళ్ళే తర్వాత తెర మీద దిలీప్‌ను చూసి ఏడ్చారు. పేరు మార్చుకున్నవాళ్ళను నేను ఎప్పుడూ తప్పుపట్టను. కడుపు నిండాలి, పిల్లలు చదవాలి. వాళ్ళ అబ్బా భయం కూడా ఆ భయమే.

కానీ పేరు దాచుకుంటే నష్టం కూడా ఉంటుంది. బిల్ ఫింగర్ తన పేరు మార్చుకోవడంతో ఆగలేదు, ఒప్పందంలో కేన్ పేరు ఒక్కటే పడితే ఊరుకున్నాడు. 1974లో పేదవాడిగానే పోయాడు. గబ్బిలం హీరో మీద కోట్ల డాలర్లు వచ్చాయి. 'ది డార్క్ నైట్' తెర మీద కూడా సృష్టికర్తగా కేన్ పేరే పడింది. ఫింగర్ పేరు పక్కన చేరుస్తామని కంపెనీ ఒప్పుకున్నది 2015లో, మనిషి పోయిన నలభై ఒక్క ఏళ్ళకు.

పిల్లలు నన్నడిగారు, మామూ, మనకి ఇలాంటి హీరోలు లేరా అని. ఉన్నారు, కావలసినంతమంది. దాస్తానె అమీర్ హమ్జా మన నానీలు, దాదీలు చెప్పిన కథే. అక్బర్ బాద్షా దాన్ని దాదాపు 1400 బొమ్మలతో గీయించాడు, పదిహేనేళ్ళ పని. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు 1883 నుంచి తిలిస్మె హోష్‌రుబా సంపుటాలు అచ్చు వేసింది. ముసల్మాన్ల దాస్తాన్‌ను ఇల్లిల్లూ చేర్చిన ఆ ప్రెస్సు యజమాని మున్షీ నవల్ కిశోర్ హిందువు, పేరు బోర్డు మీద పెద్దగానే ఉండేది. ఆ కథలో హమ్జా కంటే పిల్లలకు నచ్చేది అమ్రో అయ్యార్. అతని జంబీల్ అనే సంచిలో పట్టని వస్తువు లేదు, కప్పుకుంటే మాయమయ్యే గిలీమ్ ఉంది, తాడు మీద గోడలెక్కుతాడు. గబ్బిలం హీరో నడుముకు కట్టుకున్న పట్టీ అంతా ఆ సంచిలోంచి పడిందే అనిపిస్తుంది. పైగా అయ్యార్ నవ్విస్తాడు, మోసం చేస్తాడు, డబ్బు పిచ్చి ఉంది, వేషాలు మారుస్తాడు. అంటే జోకర్ లక్షణాలన్నీ హీరో పక్షంలోనే ఉన్నాయి. ఇంగ్లీషువాళ్ళు ఆ ఒక్క మనిషిని రెండుగా కోసి ఒకడిని దేవదూతను, ఇంకొకడిని షైతాన్‌ను చేసినట్టుంది.

అయ్యార్లు కథల్లోనే కాదు, తారీఖ్‌లోనూ ఉన్నారు. అబ్బాసీల కాలంలో బగ్దాద్ వీధుల్లో, సీస్తాన్ ఊళ్ళలో కానూన్ బలహీనపడిన చోట పహరా కాసిన ముఠాలవి. కొందరికి వాళ్ళు రక్షకులు, కొందరికి దొంగలు. సీస్తాన్‌లో ఒక కంచరి, యాఖూబ్ ఇబ్నె లైస్, అయ్యార్లలో చేరి 861లో ఆ ప్రాంతానికి అమీరు అయ్యాడు. అతని వంశాన్ని సఫ్ఫారీలు అన్నారు. సఫ్ఫార్ అంటే రాగిపని చేసేవాడు. గద్దె ఎక్కాక కూడా కులవృత్తి పేరు చెరపలేదు.

మా ఊరి పేరుతోనూ ఒక చీకటి సినిమా ఉంది. 2023 నవంబరులో వచ్చిన 'కోటబొమ్మాళి పీఎస్', మలయాళంలో వచ్చిన 'నాయాట్టు'కు తెలుగు రూపం. వేటాడే పోలీసులే వేటకు గురవుతారు. ఇక్కడ గబ్బిలం ఎవరూ రారు. పాట కోసం చూసినవాళ్ళే ఎక్కువ గానీ కథ బరువైనది.

'ది డార్క్ నైట్'లో నన్ను ఎప్పుడూ పట్టేసే సీను రెండు పడవలది. జోకర్ రెండు పడవల్లో బాంబులు పెట్టాడు. ఒకదాని నిండా ఊరి పెద్దమనుషులు, పెళ్ళాం పిల్లలతో. ఇంకోదాని నిండా సంకెళ్ళలో ఖైదీలు. ఒక పడవ మీటా రెండో పడవ వాళ్ళ చేతిలో ఉంటుంది. ముందు నొక్కినవాళ్ళు బతుకుతారు, ఎవరూ నొక్కకపోతే అర్ధరాత్రికి రెండూ పేలిపోతాయి. పెద్దమనుషులు ఓట్లు వేస్తారు. పేల్చేయాలన్నవి 396, వద్దన్నవి 140. తేడా చూశారా? అక్సరియత్ తీర్పు వచ్చేసింది. కానీ మీట పట్టుకున్న చెయ్యి కదలదు. అటు ఖైదీల పడవలో కొండలాంటి మనిషి, మొహం మీద పచ్చబొట్లు, లేచి కాపలా అధికారి దగ్గరికి వస్తాడు. ఇటివ్వు, పది నిమిషాల కింద నువ్వు చేయాల్సింది నేను చేస్తాను అంటాడు. చూసేవాళ్ళందరికీ తెలుసు, వీడు నొక్కేస్తాడని. మొహం చూస్తే తెలియడం లేదూ? అతను మీట తీసుకుని కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేస్తాడు. వెళ్ళి తన వాళ్ళ మధ్య కూర్చుంటాడు.

ఆ వేషం వేసినవాడు టైనీ లిస్టర్, 2020 డిసెంబరులో పోయాడు. సినిమాలో ఆ ఖైదీకి పేరు లేదు, నటుల పట్టికలో పచ్చబొట్ల ఖైదీ అనే ఉంటుంది. ఆ సమయంలో గబ్బిలం హీరో ఇంకెక్కడో ఎత్తైన భవనంలో కొట్లాడుతున్నాడు. ఊరు నిలబడింది అతని వల్ల కాదు. ఆ తర్వాత హీరో, కమిషనరు కలిసి ఊరిని ఒక అబద్ధం మీద నిలబెట్టాలని నిర్ణయిస్తారు. హార్వీ డెంట్ చేసిన హత్యలు దాచేసి అతన్ని మహాత్ముడిని చేస్తారు. పడవల్లో జనం పరీక్ష నెగ్గారని కళ్ళారా చూసి కూడా ఆ జనానికి నిజం తట్టుకునే శక్తి లేదనుకున్నారు. సినిమా దాన్ని త్యాగమని చూపిస్తుంది. నేను ఒప్పుకోను. 2012లో వచ్చిన తర్వాతి భాగంలో ఆ ఝూట్ బయటపడి ఊరు ఎలా కూలిందో వాళ్ళే చూపించారు.

సినిమా అయ్యాక కుర్రాడి అబ్బాతో నేనన్నది ఇదే. ముసుగు వేసుకుని హోటల్ నడిపితే ఒకరోజు ఎవరో ఒకరు ముసుగు లాగుతారు. అప్పుడు పోయేది పేరు మీద కోపంతో కాదు, దాచావన్న కోపంతో పోతుంది బేరం. హుకుం మీద రాస్తే అది ముద్ర. మనంతట మనం రాసుకుంటే చిరునామా. కోడి మన ఊళ్ళో జబీహా చేయించు, ఎవరు చేశారో అడిగితే నువ్వే చెప్పు, స్టిక్కరు కొనకు. జబీహా వద్దనుకునే హిందూ మెహమానులు కూడా వస్తారు. వాళ్ళకూ ముందే చెప్పు, ఆ రేకుల షెడ్డు యజమాని నాకు చెప్పినట్టు. శాకాహారానికి వేరే పొయ్యి, వేరే గరిటెలు పెట్టు, వంటగది తలుపు తెరిచే ఉంచు. బేరం మొదట తగ్గుతుంది, ఆ మాట కాదనను. రెండు పడవల లెక్కలో మనకు 396 వైపే ఓట్లు పడవచ్చు. మీట పట్టుకున్న చేతుల సంగతి నాకు ఆ టిఫిన్ కొట్టులో పీట జరిపిన ముసలమ్మ దగ్గర తెలుసు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అక్షరాల సైజు దగ్గర బేరానికి దిగారు. కుర్రాడి పేరు ఉంటుంది, హోటల్ అనే మాట దానికంటే పెద్దగా ఉంటుంది. కింద తెలుగులో 'చేప, కోడి, శాకాహారం' అని ఏం దొరుకుతుందో. ఉర్దూలో కూడా ఒక వరస రాయిద్దామని కుర్రాడు అన్నాడు. రాసేవాళ్ళు ఇక్కడ దొరకరు, శ్రీకాకుళం జామియా మసీదు దగ్గర అడగాలి. రాసేది నక్తా కింద పెడతాడో పైన పెడతాడో నేనే వెళ్ళి చూస్తాను.

హైవే మీద అటు వెళ్ళేవాళ్ళు వచ్చే నెల ఇన్‌షాఅల్లాహ్ దిగి తినండి. చేపల పులుసు మాత్రం ఒంటిగంట దాటాక అడగండి.